సాస్పోర్టాస్ ఉత్తరాలు: దిద్దిన ప్రతి, దిద్దని ప్రతి

సంపాదకులకు నమస్కారం.

మత వివాదాల్లో సత్యం పక్షాన నిలబడ్డవాళ్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో రబ్బీ (యూదు మతగురువు) యాకోబ్ సాస్పోర్టాస్‌కు రెండు పేరాలు దక్కాయి. తెలుగు పత్రికలో ఆ పేరు కనబడటమే అరుదు, సంతోషం. కానీ పదిహేడో శతాబ్దంలో మెస్సీయా (యూదులు ఎదురుచూసే రక్షకుడు) అనిపించుకున్న షబ్బెతాయ్ త్స్వీకి ఆయన మొదటి రోజు నుంచీ ఒక్కడే ఎదురు నిలిచాడని, ఎక్కడా తొణకలేదని రాసిన వాక్యాన్ని సవరించాలి. అది ఆయన తన గురించి తాను చెప్పుకున్న మాట. ఆయన ఉత్తరాల ప్రతులు మరోలా చెబుతున్నాయి. తేడా చిన్నదే. అయితే వివాదంలో ఉత్తరాన్ని సాక్ష్యంగా వాడే ఎవరికైనా పనికొచ్చే పాఠమంతా ఆ తేడాలోనే ఉంది కాబట్టి కాస్త చోటు ఇవ్వమని కోరుతున్నాను.

ముందు సంగతి. సాస్పోర్టాస్ 1610 ప్రాంతంలో ఉత్తరాఫ్రికాలోని ఓరాన్‌లో పుట్టాడు. 1664లో లండన్‌లోని స్పెయిన్, పోర్చుగల్ యూదుల సంఘం ఆయన్ని రబ్బీగా పిలిపించుకుంది. మరుసటి ఏడే అక్కడ ప్లేగు. ఆయన హాంబర్గ్ చేరాడు. సరిగ్గా ఆ ఏడాదే, 1665 మే నెలలో, గాజాలో ఇరవై రెండేళ్ల నాథన్ అనే యువకుడు తుర్కీలోని ఇజ్మీరుకు చెందిన షబ్బెతాయ్ త్స్వీ మెస్సీయా అని ప్రకటించాడు. కైరో నుంచి పోలండ్ దాకా, యెమెన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ దాకా యూదుల ఊళ్లన్నీ ఊగిపోయాయి. 1666 ఫిబ్రవరిలో ఒట్టోమన్ ప్రభుత్వం షబ్బెతాయ్‌ని నిర్బంధించింది. అదే ఏడు సెప్టెంబరు 16న ఎడిర్నేలో సుల్తాను నాలుగో మెహ్మద్ సమక్షంలో ఆయన తలపాగా చుట్టుకొని ఇస్లాం పుచ్చుకున్నాడు. రోజుకు 150 అక్చేల (ఒట్టోమన్ వెండి నాణేల) భత్యం ఇచ్చారు. మెస్సీయా కథ అక్కడితో ఆగాలి, కానీ ఆగలేదు. అది వేరే పెద్ద కథ.

ఈ పదహారు నెలలూ నడిచింది ఉత్తరాల మీదే. షబ్బెతాయ్‌ని కళ్లారా చూసినవాళ్లు హాంబర్గ్‌లో దాదాపు లేరు. నౌక వస్తే ఉత్తరం వచ్చేది, వచ్చినదాన్ని ప్రార్థనాలయంలో గట్టిగా చదివేవారు. ఆ రోజుల్లో హాంబర్గ్‌లో ఉన్న గ్లికెల్ అనే వ్యాపారి ఇల్లాలు తర్వాత యిద్దిష్‌లో (జర్మన్ యూదుల భాషలో) రాసుకున్న జ్ఞాపకాల్లో ఇది కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఉత్తరాలు ఎక్కువగా పోర్చుగీసు యూదులకే వచ్చేవి. చదివేటప్పుడు జర్మన్ యూదులు కూడా వెళ్లి వినేవారు. పోర్చుగీసు కుర్రాళ్లు పండగ బట్టలు కట్టుకొని నడుముకు వెడల్పాటి పచ్చ పట్టు రిబ్బను చుట్టుకునేవారు. ఆమె మామగారు హామెల్న్‌లో ఇల్లూ వాకిలీ వదిలేసి హిల్డెస్‌హైమ్ చేరి, పవిత్ర భూమికి ఓడ ఎక్కడానికి సిద్ధంగా ఉండాలని రెండు పెద్ద పీపాలు హాంబర్గ్‌లో ఉన్న ఈమె ఇంటికి పంపాడు. వాటినిండా నార బట్టలు, బఠానీలు, చిక్కుళ్లు, ఎండు మాంసం, ఎండబెట్టిన ప్లమ్ పళ్లు. ఏడాది దాటాక మాంసం కుళ్లి బట్టలు పాడవుతాయని భయం పట్టుకుంది, తిండి సరుకులు తీసేయమని కబురొచ్చింది. పీపాలు మాత్రం మూడేళ్లు అలాగే ఉన్నాయి. ఉత్తరం నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి ఈ రెండు పీపాలు చాలు.

సాస్పోర్టాస్ చేసిన పని ఏమిటంటే, వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ సాక్షి వాంగ్మూలంలా చదివాడు. రాసినవాడు చూశాడా, విన్నాడా? గాజాకు పక్కనే ఉన్న జెరూసలేం రబ్బీల మాటేమిటి? సూచనలూ అద్భుతాలూ అడగకుండానే నమ్మాలని నాథన్ అంటున్నాడు, ధర్మశాస్త్రం ఏమంటోంది? ఇక్కడ ఆయన పట్టుకున్న గ్రంథం యూదు పండితుడు మైమోనిడిస్ 12వ శతాబ్దంలో రాసిన ధర్మసంహితలోని రాజుల విధుల భాగం. అందులో 11వ అధ్యాయం రెండు మెట్లు చెబుతుంది. దావీదు వంశంలో పుట్టిన రాజు తోరా (యూదుల ధర్మశాస్త్రం) చదువుతూ, దాన్ని జనం చేత పాటింపజేస్తూ, దేవుని యుద్ధాలు చేస్తుంటే మెస్సీయా కావచ్చునని భావించవచ్చు. దేవాలయం కట్టి, చెదిరిన జనాన్ని కూడగట్టిన తర్వాతే అతను నిశ్చయంగా మెస్సీయా. మొదటి మెట్టు ఊహ, రెండోది నిర్ధారణ. షబ్బెతాయ్ ఇంకా మొదటి మెట్టు కూడా ఎక్కలేదు, పైగా ఉపవాస దినాలను పండగలుగా మారుస్తున్నాడు, పలకరాని దేవుని నామాన్ని బాహాటంగా పలుకుతున్నాడు. తోరాను జనం చేత పాటింపజేసేవాడి లక్షణం ఇది కాదు కదా అన్నది సాస్పోర్టాస్ వాదం. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఇసాక్ నహార్‌కు, ఇటలీ రేవు లివోర్నోలోని రఫాయేల్ సుపీనోకు ఆయన రాసినవి ఇలాంటి ఉత్తరాలే. లివోర్నోలోనే ఉన్న యోసెఫ్ హలేవీ షబ్బెతాయ్‌ని ఎదిరించడంలో ఆయనకు తోడు దొరికినవాడు. హలేవీది వెటకారం, ఈయనది శాస్త్రం.

ఎదురు చెప్పడం ఊరికే కాదు. ఇజ్మీరులో 1665 డిసెంబరు 12 శనివారం నాడు షబ్బెతాయ్ మనుషులతో వెళ్లి పోర్చుగీసు ప్రార్థనాలయం తలుపును గొడ్డలితో కొట్టడం మొదలుపెట్టాడు. ఒప్పుకోని రబ్బీ ఆరోన్ లపాపా పదవి పోయింది. ఈ వార్తలు ఉత్తరాల్లోనే హాంబర్గ్ చేరాయి. కాబట్టి సాస్పోర్టాస్ మొదట ఆచితూచి రాశాడంటే పిరికితనం అనడానికి లేదు.

ఇప్పుడు మీ వ్యాసం దాటేసిన చోటికి వస్తాను. అంతా ముగిశాక సాస్పోర్టాస్ తన ఉత్తరాలను, తనకు వచ్చినవాటిని కలిపి, మధ్యలో కథనం అల్లి ఒక సంపుటి చేశాడు. పేరు "త్సిత్సత్ నోవెల్ త్స్వీ". యెషయా గ్రంథం 28వ అధ్యాయం నాలుగో వచనంలో వాడిపోయే పువ్వు గురించిన మాటలనే తీసుకొని పెట్టిన పేరు అది. అందం అన్న అర్థంలో అక్కడున్న హెబ్రూ మాట త్స్వీ, ఇక్కడ మనిషి పేరూ అదే. దాని సంక్షిప్త రూపమే 1737లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, మళ్లీ 1757లో హాంబర్గ్ పక్కనున్న అల్టోనాలో అచ్చయింది. పూర్తి పాఠం యెషయా తిష్బీ పరిష్కరించి జెరూసలేంలో ప్రచురించే సరికి 1954. అంటే రెండు శతాబ్దాలకు పైగా లోకం చదివింది కుదించినదాన్నే.

చేతిరాత ప్రతులు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసినప్పుడు తిష్బీకీ, యూదు మార్మిక చరిత్రకారుడు గెర్షోమ్ షోలెంకీ ఒక ఇబ్బందికరమైన విషయం కనబడింది. 1665 చివర, తొలి వార్తలు వచ్చినప్పుడు, సాస్పోర్టాస్ రాసిన మాటల్లో ఆశ ఉంది. ఇది నిజమైతే ఎంత బాగుండు అన్న ధోరణి ఉంది. సంపుటి కట్టేటప్పుడు ఆయన వాటిని ముట్టుకున్నాడు. ఆశ పలికిన చోట సందేహం జొప్పించాడు, సందేహం ఉన్న చోట దానికి పదును పెట్టాడు. జరిగిపోయాక అంతా ముందే తెలిసినట్టు కనిపించాలి కదా.

దీన్ని బట్టి ఆయన అబద్ధాలకోరు అని తేల్చేసే వాళ్లున్నారు. షోలెం ఆయన మీద చూపిన కాఠిన్యం కూడా తక్కువేం కాదు. నా లెక్క వేరు. సందేహించడంలో ఆయన నిజాయితీ దొంగది కాదు, షబ్బెతాయ్ మతం మారకముందే, ఊరంతా ఒక పక్కన ఉన్నప్పుడే గట్టి ప్రశ్నలు వేసిన ఉత్తరాలు ఉన్నాయి. దొంగతనం జరిగింది తేదీలో. తర్వాత కలిగిన నిశ్చయాన్ని తొలి ఉత్తరాల్లో పెట్టాడు. ఎదుటివాడి మాటలకు సాక్ష్యం అడిగినవాడు తన మాటల సాక్ష్యాన్ని దిద్దుకున్నాడు. దానివల్ల పోయింది ఆయన పరువొక్కటే కాదు. మామూలు తెలివైన మనిషి కూడా మొదట ఆశపడి, తర్వాత ఆలోచించి, ఎలా బయటపడ్డాడో చెప్పే అపురూపమైన దాఖలా మసకబారింది. దిద్దకుండా ఉంచి ఉంటే ఈ రోజు ఆ ఉత్తరాల విలువ రెట్టింపు.

ఆయనకంటే చెడ్డగా చేసినవాళ్లు ఎందరో. 1666 చలికాలం నాటికి షబ్బెతాయ్ మతం మారిన వార్త పడమటి దేశాలకు చేరాక చాలా సంఘాలు మినిట్స్ పుస్తకాల్లోంచి పేజీలు చించేశాయి, ఉత్తరాలు తగలబెట్టాయి. నమ్మినట్టు ఎక్కడా జాడ లేదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం. దిద్దినా సరే కాగితాలు దాచినందుకు సాస్పోర్టాస్‌కు మనం రుణపడి ఉండాల్సిందే.

ఇలాంటి దిద్దుబాటును ఎలా పట్టుకుంటారు? సిరా రంగు చూసి అనుకుంటారు చాలామంది. అది అన్నిటికంటే బలహీనమైన ఆధారం. ఆ కాలపు సిరా మాచికాయ, అన్నభేదితో కాచింది. రాశాక గాలికి నలుపెక్కుతుంది, ఏళ్లు గడిచే కొద్దీ గోధుమ రంగు. ఒకే బుడ్డిలో సిరా కాస్త నీళ్లు కలిస్తే ఒకలా, చిక్కబడితే ఒకలా మాసిపోతుంది, కాబట్టి రంగు తేడా కనబడ్డంత మాత్రాన మరో రోజు రాసిందని కాదు. గట్టి ఆధారాలు మూడు. చేర్పు ఉన్న ఖాళీలోకి ఇరుక్కుంటుంది: అక్షరాలు సన్నబడతాయి, వరుస అంచుకు వంగుతుంది. చేర్చిన వాక్యం తీసేస్తే ముందు వాక్యం వెనక వాక్యంతో అతుకులేకుండా కలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ తేదీకి ఆ ఊళ్లో తెలిసే వీల్లేని సంగతి అందులో దొర్లుతుంది. ఉత్తరం ఎన్ని వారాలకు ఎక్కడికి చేరుతుందో లెక్క కట్టి పెట్టుకుంటే ఈ మూడోది తేలిగ్గా దొరుకుతుంది. వీటితో పాటు, పంపినవాడి దగ్గర మిగిలిన నకలుకూ అందుకున్నవాడి దగ్గర ఉన్న అసలుకూ తేడా చూడాలి. వివాదాల్లో మనకు ఎక్కువగా మిగిలేది పంపినవాడి నకలే. దాన్ని అసలు అనుకోవడమే మొదటి పొరపాటు.

రెండో పొరపాటు తేదీల్లో. హెబ్రూ ఉత్తరాల్లో సంవత్సరం అక్షరాల్లో ఉంటుంది, వేలు వదిలేస్తారు. 5426 అని రాయరు, తావ్ 400, కాఫ్ 20, వావ్ 6 కలిపి 426 అని రాస్తారు. దీనికి 1240 కలిపితే 1666 వస్తుందని పుస్తకాల్లో సూత్రం ఉంది. సూత్రం సగమే నిజం. యూదుల సంవత్సరం శరదృతువులో మొదలవుతుంది. 5426వ సంవత్సరం 1665 సెప్టెంబరు 10న మొదలై 1666 సెప్టెంబరు 29న ముగిసింది. కాబట్టి సంవత్సరాది నుంచి డిసెంబరు ఆఖరు దాకా 1239, ఆ తర్వాత 1240 కలపాలి. కిస్లేవ్ మాసం 426 అని ఉన్న ఉత్తరం 1665 నవంబరు, డిసెంబరు నాటిది. సూత్రాన్ని గుడ్డిగా వేస్తే అది 1666 డిసెంబరుకు జరుగుతుంది, అంటే షబ్బెతాయ్ మతం మారిన తర్వాతకు. తొలి ఉత్సాహంలో రాసిన అమాయకుడు ఒక్క అంకె తేడాతో, అంతా తెలిశాక కూడా వదలని మూర్ఖ భక్తుడైపోతాడు. పైగా ఆమ్‌స్టర్‌డామ్‌లో గ్రెగోరియన్ క్యాలెండరు, హాంబర్గ్‌లోనూ లండన్‌లోనూ అప్పటికి జూలియన్. ఒకే రోజు ఆమ్‌స్టర్‌డామ్‌లో డిసెంబరు 11, హాంబర్గ్‌లో డిసెంబరు 1. జవాబు ముందు, ప్రశ్న తర్వాత రాసినట్టు కనిపించే వింతలు ఇందుకే.

చెన్నైలో ఉండే తెలుగువాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. గోడ మీద తమిళ క్యాలెండరు, పూజ గదిలో తెలుగు పంచాంగం. ఆడి మాసాన్ని ఆషాఢం అని రాసేస్తే రోజులు తప్పుతాయి, మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది, వాళ్లకు సంక్రమణంతో. సంవత్సరం పేరొక్కటే ఉంటే మరీ చిక్కు, అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. షబ్బెతాయ్ తలపాగా చుట్టిన 1666 మన లెక్కలో పరాభవ నామ సంవత్సరం. 2026 ఉగాదితో మొదలయ్యేదీ పరాభవే. పేరు కలిసింది కదా అని దీంట్లో ఏ దైవ సంకేతమో వెతికేవాళ్లుంటే కింది పేరా వాళ్ల కోసం.

హెబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంది, మన కటపయాది లాంటి పద్ధతే. షబ్బెతాయ్ త్స్వీ పేరులో అక్షరాల విలువ: 300, 2, 400, 10, తర్వాత 90, 2, 10. మొత్తం 814. దేవుని నామాల్లో ఒకటైన షద్దాయ్‌లోని మూడు అక్షరాల పేర్లను పూర్తిగా రాస్తే 360, 434, 20. అదీ 814. భక్తులకు ఇంతకంటే రుజువేం కావాలి? కానీ "రూఅఖ్ షేకెర్", అంటే అబద్ధపు ఆత్మ, అన్న మాటలను కూడా కూడండి: 214, 600. మళ్లీ 814. కాగితం, పెన్ను ఉంటే మూడు నిమిషాల పని. అంకెల సాక్ష్యం అంటే ఇంతే, పిలిచిన ప్రతి ఇంటికీ భోజనానికి వెళ్తుంది.

సాస్పోర్టాస్ సంక్షిప్త ప్రతిని 1757లో మళ్లీ అచ్చేసిన రబ్బీ యాకోబ్ ఎమ్డెన్ సంగతి మీ వ్యాసంలో లేదు, ఉండాల్సింది. అల్టోనాలో ఆయన ఇంట్లోనే అచ్చుయంత్రం ఉండేది. 1751 ఫిబ్రవరిలో, తన ఇంటి ప్రార్థనామందిరంలో, అల్టోనా, హాంబర్గ్, వాండ్స్‌బెక్ మూడు ఊళ్లకూ ప్రధాన రబ్బీ అయిన యోనాతన్ ఐబెష్యూట్జ్ రాసిచ్చాడంటున్న ఒక రక్షరేకులో షబ్బెతాయ్ పేరు గుప్తంగా ఉందని, అంటే రాసినవాడు షబ్బెతాయ్ రహస్య భక్తుడని బయటపెట్టాడు. గుప్త లిపి పద్ధతి అత్‌బాష్. 22 అక్షరాల వరుసలో మొదటిదాన్ని చివరిదానికి, రెండోదాన్ని చివరినుంచి రెండోదానికి మార్చడం. అలెఫ్‌కు తావ్, బేత్‌కు షీన్. ఆయన తప్పు పట్టింది ఆ ప్రాంతంలో అందరికంటే పెద్ద పండితుణ్ణి. ఊరి సంఘం ఎమ్డెన్‌నే వెళ్లిపొమ్మంది, ఆయన ఆమ్‌స్టర్‌డామ్ పారిపోయి మరుసటి ఏడు తిరిగొచ్చాడు. ఐబెష్యూట్జ్ తనకు మద్దతుగా వచ్చిన ఉత్తరాలను 1755లో పుస్తకంగా వేశాడు. ఎమ్డెన్ పుస్తకాలకు లెక్కే లేదు. ఎవరిది నిజమన్నది పక్కన పెట్టినా, ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది. ఎమ్డెన్ పక్షం రేకులను విప్పి చదివిన పాఠాన్ని మాత్రమే కాదు, రేకు మీదున్న అక్షరాలను ఉన్నవున్నట్టు కూడా అచ్చువేసింది. పాఠకుడు తానే అత్‌బాష్ వేసి చూసుకోవచ్చు, వేరే అర్థం వస్తుందేమో వెతుక్కోవచ్చు. తీర్పుతో పాటు సాక్ష్యం కూడా చేతికివ్వడమన్నమాట. ఇదే ఎమ్డెన్ 1768లో, యూదు మార్మికులకు మూలమైన జోహర్ గ్రంథంలో కొన్ని భాగాలు తర్వాతి కాలపు చేర్పులని తన పక్షం వాళ్లకే మింగుడుపడని మాట రాశాడు. కోపిష్ఠి, నోటి దురుసు మనిషి, ఒప్పుకుంటాను. ప్రశ్నను తనవాళ్ల వైపు తిప్పే ధైర్యం మాత్రం ఆయనకుంది.

చెన్నై పాఠకులకు ఇదంతా దూరపు గోల అనిపించవచ్చు, అంత దూరం కాదు. సాస్పోర్టాస్ రబ్బీగా పనిచేసిన లండన్, ఆమ్‌స్టర్‌డామ్ యూదు వర్తకులే 1680ల్లో చెన్నపట్నం వచ్చి పగడాలు అమ్మి గోల్కొండ వజ్రాలు కొన్నారు. ఆ వజ్రాలు కృష్ణ ఒడ్డున కొల్లూరు వంటి గనుల్లోవి. జార్జ్ టౌన్‌లో కోరల్ మర్చెంట్ స్ట్రీట్ పేరు ఆ పగడాలదే. 1688లో ఏర్పడిన మద్రాసు కార్పొరేషన్ తొలి 12 మంది ఆల్డర్మన్‌లలో ముగ్గురు యూదు వర్తకులు, వాళ్లతో పాటు మన చిన వెంకటాద్రి. ఈ మనుషులకు ఉత్తరం విలువ బాగా తెలుసు. కోట నుంచి కంపెనీ రాసే ఉత్తరాల్లో ప్రతి పేరాకూ నంబరు ఉండేది, జవాబు నంబరు వారీగా వచ్చేది, ఒకే ఉత్తరం రెండు మూడు ప్రతులుగా వేర్వేరు నౌకల్లో వెళ్లేది. ఒక నౌక మునిగినా మాట చేరాలని పెట్టిన ఏర్పాటు అది. దానివల్ల ఇంకో మేలు జరిగింది, ఒక ప్రతిలో ఎవరైనా వేలు పెడితే రెండోది బయటపెడుతుంది. ఆ పుస్తకాలు ఎగ్మోరులోని తమిళనాడు పురాలేఖల భవనంలో ఇవాళ్టికీ ఉన్నాయి. మతం గురించి వాదించుకునేవాళ్లు వ్యాపారుల దగ్గర ఈ ఒక్కటి నేర్చుకొని ఉంటే బాగుండేది.

మన ఊళ్లో గుడి కమిటీల్లో, చర్చి సంఘాల్లో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఉత్తరాలకు ఇదే వర్తిస్తుంది. ఫలానా పీఠాధిపతి రాశారనో, ఫలానా పెద్దాయన ఖండించారనో లెటర్‌హెడ్ ఫొటో వస్తుంది. ముందు చూడాల్సింది ఎవరికి రాశారన్నది. సంబోధన లేని ఉత్తరం, లేదా సంబోధన దగ్గర కత్తిరించిన ఫొటో, ఉత్తరం కాదు. తర్వాత తేదీ, వారం, తిథి. మూడూ ఉంటే మూడూ కలవాలి, కలవకపోతే ఆపేయండి. లేఖ నంబరు ఉందా, పేజీ సంఖ్య ఒకటే ఉండి రెండోది మాయమైందా, కింద నకలు ఎవరెవరికో రాసే వరుస కోతపడిందా చూడాలి. పదిసార్లు ఫార్వర్డ్ అయిన ఫొటోలో సంతకం చుట్టూ బూజర కమ్ముకుంటుంది, అతికించిన గీత కూడా అందులో కలిసిపోతుంది. కాబట్టి ఫొటో మీద తీర్పు చెప్పకూడదు, అసలు పీడీఎఫ్ గానీ కాగితం గానీ అడగాలి. నిజమో కాదో కనుక్కోవడానికి ఆ లెటర్‌హెడ్ మీదున్న ఫోన్ నంబరుకే చేయడం అమాయకత్వం, దొంగ లెటర్‌హెడ్ మీద దొంగ నంబరే ఉంటుంది. వేరే దారిలో నంబరు సంపాదించి అడగాలి.

ఖండన రాయాల్సి వస్తే ఎదుటివారి ఉత్తరం పూర్తిగా పెట్టి, పేరాలకు నంబర్లిచ్చి, నంబరు వారీగా జవాబు చెప్పడం మంచిది. ఒప్పుకునే పేరాలను ఒప్పుకుంటున్నట్టు రాయాలి, వదిలేస్తే దాటవేశారంటారు. చూసినదీ విన్నదీ ఒకే వాక్యంలో కలపకూడదు. జవాబు గ్రూపులో పడకముందే ఎదుటివారికి చేరాలి. తర్వాత మన మాటే తప్పని తేలితే పాత ఉత్తరాన్ని తుడిచేసి కొత్తది పెట్టడం సాస్పోర్టాస్ దారి. కాగితమైతే తప్పు మాట కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకమూ తేదీ వేయాలి. వాట్సాప్‌లో అయితే డిలీట్ నొక్కకుండా, ఎడిట్ చేయకుండా, పాత మెసేజ్‌కే రిప్లై కొట్టి సవరణ రాయాలి. కమిటీకి వచ్చిన ప్రతిదీ ఇన్‌వర్డ్ రిజిస్టరులో, పంపిన ప్రతిదీ ఔట్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కాలి, నకలు ఒకటి కార్యదర్శి దగ్గర, ఒకటి అతనితో పొసగని సభ్యుడి దగ్గర ఉండాలి. రెండో ప్రతి మిత్రుడి దగ్గర ఉంటే పెద్ద ఉపయోగం లేదు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు కానీ, అప్పటిదాకా కాగితం నిలవాలిగా.

మీ వ్యాసకర్త సాస్పోర్టాస్‌ను ఎంచుకోవడం తప్పు కాదని మళ్లీ చెబుతున్నాను. సవరణ వేసేటప్పుడు ఆయన ఎప్పుడూ తొణకలేదన్న మాట తీసేసి, మొదట ఆశపడ్డాడని, కొన్ని నెలల్లో సందేహంలోకి వచ్చాడని, తర్వాత తన ఉత్తరాలను తానే దిద్దాడని వేయండి. ఈ ఉత్తరం నిడివి ఎక్కువైందని తెలుసు. చోటు లేక ఎక్కడైనా కోస్తే అభ్యంతరం లేదు, కోసిన చోట మూడు చుక్కలు పెట్టండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎగ్మోరు, చెన్నై.